ఏజెన్సీ దారుల్లో ఒంటరి బైకు ప్రయాణం: అరకు, సీలేరు మీదుగా భద్రాచలం – తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బయలుదేరి, అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు మీదుగా భద్రాచలం చేరే దారి 400 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఈ దారిలో నేను నాలుగుసార్లు ఒంటరిగా బయలుదేరి, మూడుసార్లు పూర్తి చేసి, ఒకసారి మధ్యలోనే వెనక్కి వచ్చాను. ఆ తరువాత పరిచయస్తులు పదే పదే అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఈ ప్రయాణానికి ఎన్ని రోజులు కేటాయించాలి?

కనీసం మూడు పగళ్లు, రెండు రాత్రులు. మొదటి రోజు విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లు, అక్కడి నుంచి డుంబ్రిగుడ మీదుగా పాడేరు. రెండవ రోజు పాడేరు నుంచి చింతపల్లి. మూడవ రోజు చింతపల్లి నుంచి సీలేరు మీదుగా చింతూరు, వెలుతురు మిగిలితే భద్రాచలం. రెండవ రోజు మరీ చిన్నదిగా ఉందని చాలామంది దానిని మొదటి రోజులో కలిపేస్తారు. అలా చేస్తే చీకటి పడ్డాక, ఒళ్లు హూనమై చింతపల్లి చేరతారు, మరునాడు ఆలస్యంగా లేస్తారు, అసలు కష్టమైన దారిలోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెడతారు. మూడవ రోజు పొద్దున్నే బయలుదేరగలిగేందుకే రెండవ రోజును ఖాళీగా ఉంచుకోవాలి.

లంబసింగి మంచు కూడా చూడాలనుకునేవారు ఇంకొక రోజు కలుపుకోవాలి. అది చింతపల్లికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, నర్సీపట్నం వైపు ఉంది. తెల్లవారుజామున లంబసింగి చూసి, అదే ఉదయం సీలేరు దారి పట్టడం కుదిరే పని కాదు.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

నవంబరు రెండవ వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. నవంబరులో అరకు, పాడేరు ప్రాంతాల్లో వలిసె పూలు కొండవాలులన్నీ పసుపు పూసినట్టు విచ్చుకుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చలి గట్టిగా ఉంటుంది. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో ఉష్ణోగ్రత కొన్నిసార్లు సున్నాకు దగ్గరగా పడిపోతుంది. ఆ రోజుల్లో ఉదయం తొమ్మిది దాటితే గానీ మంచు విడవదు కనుక, పంచాంగంలో సూర్యోదయం ఎప్పుడని రాసినా బైకు నడిపేవాడి పగలు తొమ్మిదింటికే మొదలవుతుందని లెక్క వేసుకోవాలి.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వెళ్లవద్దనే చెబుతాను. కొండలు అత్యంత అందంగా ఉండేది అప్పుడే, దారులు తెగేదీ అప్పుడే. పైన గెడ్డలు, అంటే వాగులు, పొంగుతాయి, చరియలు విరిగిపడతాయి, కింద చింతూరు దగ్గర శబరి నది ఉంటుంది. గోదావరి నిండుగా ప్రవహిస్తున్నప్పుడు కూనవరం దగ్గర అందులో కలిసే శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్ని, చింతూరు, కూనవరం చుట్టుపక్కల రోడ్లను ముంచుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. మీరు పాడేరులో ఎండలో ఉన్నా, భద్రాచలం నీటిమట్టం వార్త విన్నాకే ముందుకు కదలాలి. మీ తల మీద వాన లేనంత మాత్రాన ముందున్న దారి పొడిగా ఉంటుందని అనుకోకూడదు.

ఏ బండి తీసుకువెళ్లాలి? పెద్ద ఇంజను తప్పనిసరా?

తప్పనిసరి కాదు. ఈ కొండల్లో కాఫీ, మిరియాల బస్తాలు మోసేవి ఎక్కువగా 100 సీసీ బళ్లు, టీవీఎస్ ఎక్సెల్‌లే. 199 కిలోల పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం ఉండటం గతుకుల్లో మేలే గానీ, అదే బండి బురదలో పక్కకు ఒరిగితే ఒంటరిగా లేపడం ఎంత కష్టమో కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. స్ప్లెండర్ దాదాపు 112 కిలోలు, దాన్ని ఎవరైనా లేపగలరు. నాది పదేళ్లు నిండిన 150 సీసీ బండి. సామాను కలిపి కూడా ఒక్కడినే లేపగలిగే బండి, ఆ ప్రాంతపు మెకానిక్ ముందే చూసి ఉన్న బండి, ఈ రెండు లక్షణాలు ఉంటే చాలు. కంపెనీ పేరు మీద జరిగే వాదనలు నాకు అనవసరం.

ఒంటరిగా ఉన్నప్పుడు బండి పడిపోతే ఎలా లేపాలి?

ముందు ఇంజను ఆపండి. పెట్రోలు కారుతోందేమో చూడండి. బండి కుడివైపుకు పడి ఉంటే, లేపే ముందే సైడ్ స్టాండు తెరిచి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపులో ఎడమవైపుకు పడుతుంది. గేరులో ఉంచితే చక్రం జారదు. తరువాత బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ పిడిని, రెండవ చేత్తో వెనుక కడ్డీని పట్టుకుని, నడుము వంచకుండా కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. వాలులో పల్లం వైపు పడితే సామాను విప్పడం ఒక్కటే మార్గం. ఇంటి దగ్గర, పాత దుప్పటి మీద బండిని పడుకోబెట్టి, రెండుసార్లు సాధన చేసి బయలుదేరండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పెట్రోలు దొరుకుతుందా?

అరకు, పాడేరు, చింతపల్లిలో దొరుకుతుంది. గిరిజన సహకార సంస్థ, అంటే అందరూ జీసీసీ అని పిలిచేది, ఏజెన్సీలో బంకులు కూడా నడుపుతుంది. చింతపల్లి నుంచి చింతూరు దాకా నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే దారిని మాత్రం బంకు లేని దారిగానే లెక్కించుకుని, చింతపల్లిలో ట్యాంకు నిండా పోయించుకోవాలి. లీటరుకు 45 ఇచ్చే బండి ఘాట్‌లో రెండవ గేరులో 35 ఇస్తే సంతోషించాలి. కిరాణా కొట్లలో సీసాల్లో అమ్మే పెట్రోలు అవసరానికి ఆదుకుంటుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని బయలుదేరకూడదు. నేను ఒకసారి అలా పోయించుకున్న తరువాత పది కిలోమీటర్ల పాటు బండి దగ్గుతూనే ఉంది.

ఏ పనిముట్లు, విడిభాగాలు వెంట ఉండాలి?

పంక్చరు సామగ్రి, చేతి పంపు, ట్యూబు టైర్లయితే ముందు చక్రానికి సరిపడే ఒక ట్యూబు, టైరు విప్పే కడ్డీలు, మీ బండికి పట్టే స్పానర్లు, ప్లగ్గు, చెయిను లింకు, క్లచ్ లీవరు, టార్చి, రెండు మీటర్ల తీగ. వీటన్నిటికంటే ముందు క్లచ్ కేబుల్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

రెండవసారి వెళ్లినప్పుడు, బరువు తగ్గించుకుందామని సంచిలో నుంచి తీసి ఇంట్లో పెట్టి వచ్చిన వస్తువు అదొక్కటే. గూడెం కొత్తవీధి దాటి సీలేరు వైపు దిగుతుండగా ఒక మలుపులో గేరు మార్చబోతే, లీవరు చేతిలో ప్రాణం లేనట్టు వదులుగా వచ్చేసింది. లీవరు దగ్గర తీగ పోగులు అంతకుముందు నుంచే ఒక్కొక్కటీ తెగుతూ వచ్చాయని, రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూసి ఉంటే చింతపల్లిలోనే తెలిసేదని అప్పుడు అర్థమైంది. గంట సేపు రోడ్డు పక్కన కూర్చున్నాను. ఒక ఎక్సెల్ మీద మిరియాల బస్తా వేసుకుని ఇద్దరు వచ్చారు. పెద్దాయన లీవరును అటూ ఇటూ ఆడించి చూసి, "పగ్గం తెగిందని ఎద్దు నడక మానేత్తాదా బాబూ?" అన్నాడు. కుర్రవాడు వెనక నుంచి నెట్టాడు, బండి దొర్లుతుండగా మొదటి గేరు వేసి ఎక్సలేటరు ఇచ్చాను. ఒక్కసారి గుంజి, కదిలింది. తరువాత గేరు మార్చడానికి ఎక్సలేటరు వదిలి, ఇంజను వేగం తగ్గే క్షణంలో పెడలు మెల్లగా ఎత్తితే సరిపోతుందని నాలుగైదు మలుపుల్లో చేతికి పట్టుబడింది. అలాగే ఆగకుండా సీలేరు చేరాను. అక్కడి మెకానిక్ దగ్గర నా బండి కేబుల్ లేదు. వేరే బండి లోపలి తీగను నా పాత తొడుగులోకి దూర్చి, కొసను కోసి, మర బిగించే చిన్న ఇత్తడి నిపిల్‌తో పట్టించాడు. ఆ తీగతోనే విశాఖపట్నం తిరిగి వచ్చాను.

ఇప్పుడు కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే తొడిగి, టేపు చుట్టి, చివరలు మాత్రం తగిలించకుండా ఉంచుతాను. తెగితే పావుగంట పని.

ఘాట్ రోడ్డులో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు వాడాలి. న్యూట్రల్‌లో దొర్లించడం, బ్రేకు మీద కాలు అదిమిపట్టి దిగడం, ఈ రెండూ బ్రేకులను వేడెక్కించి, సరిగ్గా అవసరమైన మలుపులోనే పట్టు లేకుండా చేస్తాయి. ఎదురుగా ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి, అది మర్యాదే కాదు, నిబంధన కూడా. ఎడమ మలుపుల్లో ఎదుటి జీపు మలుపును కోసుకుంటూ మీ వైపుకు వస్తుందని ముందే అనుకుని, ఎడమ అంచుకు దగ్గరగా, హారన్ కొడుతూ వెళ్లాలి.

ఇవన్నీ ఏ ఘాట్‌కైనా వర్తించేవే. ఈ దారికి ప్రత్యేకమైనవి వేరే ఉన్నాయి. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆకులు రోడ్డు మీద రాలి, మంచుకు తడిసి, ఉదయం పూట సబ్బు పూసినట్టుగా ఉంటాయి. ఇక కోతల కాలంలో తారు రోడ్డే కళ్లం. రాగులు, సామలు, రాజ్మా రోడ్డు సగం దాకా ఆరబోసి, వాహనాలు తొక్కకుండా చుట్టూ గుండ్రాళ్లు పేరుస్తారు. పోగు కనిపిస్తే పక్కకు తప్పుకుంటాం, అందులో ప్రమాదం లేదు. ప్రమాదం మరునాడు. గింజలు ఎత్తుకుపోయాక కొన్నిచోట్ల రాళ్లు అలాగే ఉండిపోతాయి, తారు రంగులో కలిసిపోయి, నీడలో పది గజాల దూరం దాకా కనిపించవు. వరుసగా మూడు రాళ్లు ఒకే ఎడంతో కనబడ్డాయంటే నాలుగవదీ ఉంటుంది, దాని కోసం వెతకండి. కళ్లం వేసుకున్నవారి మీద నాకు కోపం లేదు, సమతలం అంటూ ఉన్నది ఆ ఊళ్లో రోడ్డు ఒక్కటే అయినప్పుడు వాళ్లు ఇంకెక్కడ ఆరబోస్తారు?

ఫోను సిగ్నల్ ఉంటుందా? దారి ఎలా తెలుసుకోవాలి?

పాడేరు దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, సీలేరు తరువాత చాలాచోట్ల ఉండదనే అనుకోండి. పటాన్ని ముందే ఫోనులో దించుకోండి, ఊళ్ల పేర్లు వరుసగా ఒక కాగితం మీద రాసి ట్యాంకు సంచిలో పెట్టుకోండి. ప్రతి ఉదయం ఇంటివారికి ఆ రోజు దాటబోయే ఊళ్లు, ఎన్ని గంటలలోపు ఫోను రాకపోతే ఆరా తీయాలో చెప్పి బయలుదేరాలి.

దారి అడగడంలో ఒక మెలకువ ఉంది. "ఇది సీలేరు దారేనా?" అని అడిగితే, కొత్త మనిషిని కాదనడం ఇష్టం లేక, "ఆఁ, అవును" అనేవాళ్లు ఎక్కువ. "ఈ దారి ఎక్కడికి పోతుంది?" అని అడిగితే నిజం బయటపడుతుంది. "ఇక్కడే" అంటే రెండు కిలోమీటర్లు కావచ్చు, పన్నెండూ కావచ్చు. ఈ దారిలో ఆర్టీసీ బస్సు ఆ రోజు వచ్చిందా అని కూడా అడగండి. ఉదయం బస్సు దాటిన దారిలో బైకు దాటుతుంది, ముందున్న గెడ్డ సంగతి దానికంటే బాగా ఏ యాప్ చెప్పలేదు. అన్నట్టు, పాడేరు వైపు గెడ్డ అని పిలిచేదాన్నే చింతూరు చేరేసరికి వాగు అంటారు. జాగ్రత్త మాత్రం రెండింటికీ ఒకటే: లోపలి నేల కనిపించకపోతే, దిగి నడిచి చూడకుండా బండి దించవద్దు.

చెక్‌పోస్టుల్లో ఇబ్బంది పెడతారా?

సంచులు విప్పి చూపమని అడుగుతారు, చూపండి. ఈ కొండల నుంచి గంజాయి రవాణా జరుగుతుందనేది అందరికీ తెలిసిందే కనుక, ఒంటరిగా పెద్ద సంచులతో వచ్చే బైకును ఆపకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, రాత్రి ఎక్కడ బస చేశారు అనే ప్రశ్నలకు సూటిగా జవాబిస్తే ఐదు నిమిషాల్లో పంపిస్తారు. లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి గానీ, సిగ్నల్ లేనిచోట అది తెరుచుకోకపోవచ్చు కాబట్టి కాగితాలు కూడా ఉంచుకోండి.

ఒక విషయంలో మాత్రం మొహమాటపడకండి. "ఈ సంచి కాస్త కింద ఊళ్లో మా తమ్ముడికి ఇవ్వరూ" అని ఎవరు ఎంత ఆప్యాయంగా అడిగినా తీసుకోవద్దు. మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం, దానికి కనీస శిక్ష పదేళ్లు. సంచి మీది కాదని నిరూపించుకోవలసిన భారం మీ మీదే పడుతుంది.

జలవిద్యుత్ కేంద్రాలు, ఆనకట్టలు, పోలీసు శిబిరాల దగ్గర ఫొటోలు తీయవద్దు. డ్రోను ఇంట్లోనే వదిలేయండి.

రాత్రి ఎక్కడ ఉండాలి? గుడారం వేసుకోవచ్చా?

అరకులో పర్యాటక శాఖ హరిత విడిది ఉంది, ప్రైవేటు లాడ్జీలు చాలా ఉన్నాయి. పాడేరు, చింతపల్లిలో మామూలు లాడ్జీలు దొరుకుతాయి. సీలేరులో ఆగాలనుకుంటే విద్యుత్ సంస్థ అతిథిగృహానికి ముందస్తు అనుమతి కావాలి. అడవిలో అనుమతి లేకుండా గుడారం వేయడం చట్టరీత్యా తప్పు, పైగా ఎలుగుబంటి తిరిగే చోటు. ఎక్కడైనా చిక్కుకుపోతే ఊళ్లోకి వెళ్లి, సర్పంచినో ఆశ్రమ పాఠశాల వార్డెన్‌నో కలిసి, వరండాలో పడుకోవడానికి అనుమతి అడగడం ఉత్తమం.

ఆరోగ్యం విషయంలో?

దోమతెర లేదా దోమల మందు, పొడుగు చేతుల చొక్కా. తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లి వచ్చానని వైద్యుడికి మొదటి వాక్యంలోనే చెప్పి, మలేరియా పరీక్ష చేయించుకోండి. ప్రమాదం జరిగితే 108, మరే అత్యవసరానికైనా 112.

దారిలో ఆగి చూడవలసినవి ఏమిటి?

చాపరాయి, గాలికొండ, వంజంగి గురించి అందరూ చెబుతారు. నేను చింతపల్లి పోలీసు స్టేషన్ ముందు ఆగుతాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం దాడి చేసింది ఈ ఊరి స్టేషన్ మీదనే. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. ఆ మూడు ఊళ్ల మధ్య దూరాన్ని బైకు మీద ఘాట్‌లు ఎక్కుతూ దిగుతూ కొలిచి చూస్తే, అడవిలో కాలినడకన వరుసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్లు అంటే ఏమిటో నడుముకు తెలుస్తుంది. ఆ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసిన రోడ్డు. గిరిజనుల చేత వెట్టిచాకిరీ చేయించి వేసిన ఆ దారిలోనే ఇప్పుడు మనం సెలవులకు మంచు చూడటానికి వెళుతున్నాం.

సీలేరు నుంచి కిందికి నది వెంటే దిగుతారు. ఎగువన మాచ్‌ఖండ్ అని పిలిచే ఏరే ఇక్కడికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. దీని మీది జలవిద్యుత్ కేంద్రాల సామర్థ్యం మాచ్‌ఖండ్‌లో 120, ఎగువ సీలేరులో 240, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్లు. ఒకే నీరు మెట్టు మెట్టునా పనిచేసుకుంటూ దిగి చివరికి శబరిలో కలుస్తుంది.

ఏ సమయంలో వెనక్కి తిరగాలి?

నన్ను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే, కానీ దీన్ని అడిగేవారు తక్కువ. పటంలో ఊళ్లు చూసే ముందు, కొండ దిగిపోయే దారులు ఎక్కడున్నాయో చూడండి. పాడేరు నుంచి చోడవరం వైపు దిగవచ్చు. చింతపల్లి నుంచి లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగవచ్చు. గూడెం కొత్తవీధి దాటాక మైదానంలోకి దిగే సౌకర్యమైన దారి చింతూరు దాకా లేదు. అక్కడి నుంచి చింతూరు సుమారు 130 కిలోమీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల చొప్పున ఐదు గంటల పైనే. పంక్చరుకు ఒక గంట, వర్షానికి ఒక గంట, టీ తాగడానికి అరగంట కలిపితే ఎనిమిది గంటలు చేతిలో ఉండాలి.

అందుకే నా నియమం: ఉదయం తొమ్మిదిన్నరకు గూడెం కొత్తవీధి దాటి ఉండకపోతే ఆ రోజుకు సీలేరు లేదు. మూడవసారి మంచు విడవక, పదిన్నరకు చేరాను. ఆకాశం నిర్మలంగా ఉంది, బండి బాగుంది, ట్యాంకు నిండుగా ఉంది. టీ తాగి, చింతపల్లి తిరిగి వచ్చి, నర్సీపట్నం దిగి ఇంటికి వెళ్లిపోయాను. ఆ సాయంత్రం సీలేరు దారిలో ఏమీ జరగలేదని, వాన కూడా పడలేదని తరువాత తెలిసింది. అయినా మళ్లీ పదిన్నర అయితే మళ్లీ తిరిగి వచ్చేస్తాను.

భద్రాచలం నుంచి తిరిగి ఎలా రావాలి?

బండిని రైల్లో వేద్దామనుకునేవారు ఒకటి గమనించాలి: భద్రాచలం రోడ్ స్టేషన్ భద్రాచలంలో లేదు, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉంది. ఏ రైలుకు పార్శిలు తీసుకుంటారో ముందే కనుక్కోండి. ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు కావాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. అందువల్ల అక్కడికి చేరే ముందు పెట్రోలు నిండా పోయించుకోవద్దు.

నడుపుకుంటూ రావాలనుకుంటే, చింతూరు దాకా వెనక్కి వచ్చి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, రంపచోడవరం మీదుగా రాజమహేంద్రవరం చేరవచ్చు. ఆ ఘాట్ దట్టమైన అడవిలో, వరుస మలుపులతో సాగుతుంది. చింతూరులో మధ్యాహ్న భోజనం ముగిసేసరికి రెండు దాటితే, అక్కడే గది తీసుకుని, మారేడుమిల్లి మరునాడు ఉదయం చూసుకోండి.